ఫావా గింజల్లో మందుంది, అక్కడే చిక్కుంది

హైదరాబాద్‌లో పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, కదలికలు మందగించే మెదడు జబ్బు) రోగి ఉన్న ఇంటికి సలహాల కొదవుండదు. ఒకరు దూలగొండి పొడి అంటారు, ఇంకొకరు ఫావా బీన్స్ (చిక్కుడు లాంటి ఒక రకం గింజలు) తెప్పించమంటారు. ఇవన్నీ ఉత్త నాటువైద్యమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. న్యూరాలజిస్టు ఈ జబ్బుకు రాసే మాత్రలోని అసలు మందు లెవోడోపానే ఫావాలోనూ ఉంది. 1913లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మార్కస్ గుగ్గెన్‌హైమ్ దాన్ని వేరుచేసింది ఈ మొక్క నుంచే. ఆయన ఊరుకోక రెండున్నర గ్రాములు తానే మింగి, వాంతులు చేసుకున్నాడు.

ఆ వాంతులు ఊరికే రాలేదు. ఈ జబ్బులో మెదడుకు కొరవడే రసాయనం డోపమైన్; ఒట్టి లెవోడోపా మెదడుకు చేరేలోపే చాలావరకు డోపమైన్‌గా మారిపోతుంది. వికారం, బీపీ పడిపోవడం అందుకే. దాన్ని అడ్డుకోవడానికే మాత్రలో కార్బిడోపా కలుపుతారు. గింజలో అది లేదు. కొలతా లేదు: లేత కాయలో ఒకలా, ముదురు గింజలో మరొకలా ఉంటుంది. గంటలు లెక్కపెట్టుకుని, సగం మాత్ర అటూ ఇటూ సర్దుకుంటూ బతికే మనిషికి గిన్నెడు కూరతో ఎంత మందు పడిందో ఎవరు చెప్పాలి? ఎక్కువైతే ఒళ్లు దానంతటదే మెలికలు తిరుగుతుంది. పోనీ, మాత్రలు ఆపేసి గింజలే తిందామనుకుంటే మరీ ప్రమాదం. లెవోడోపా హఠాత్తుగా మానేస్తే తీవ్ర జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.

1992లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 250 గ్రాముల ఉడికించిన ఫావా తిన్న రోగులకు కదలికలు మెరుగుపడ్డాయి. కాదనను. కానీ ఆ రోగులు ఆరుగురే.

మరో ముప్పుకు పార్కిన్సన్స్‌తో పనిలేదు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఫావా తింటే ఎర్రరక్తకణాలు పగిలిపోవచ్చు. కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరిగి, ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు. పుట్టుకతో వచ్చే ఈ లోపం మగవాళ్లలో ఎక్కువ. చాలామందికి ఉన్న సంగతే తెలియదు. తెలుసుకోవడానికి జీ6పీడీ రక్తపరీక్ష చాలు.

అన్నట్టు, మోండా మార్కెట్‌లో దొరికే మన చిక్కుడు వేరే మొక్క. ఈ లెక్కలేవీ దానికి వర్తించవు.

ఫావా మీద మనసుంటే ముందు ఆ జీ6పీడీ పరీక్ష చేయించుకోవాలి. సెలెజిలిన్, రసాజిలిన్ లాంటి (డోపమైన్ విరిగిపోకుండా ఆపే) పార్కిన్సన్స్ మాత్రలు వాడుతుంటే డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. అయితే తప్పంతా రోగిదే అనను. గింజల మాటెత్తగానే కసురుకునే డాక్టరు దగ్గర రోగి నోరు విప్పడు, ఇంటికెళ్లి తింటాడు. డోసు మార్చేముందు "ఇంట్లో ఇంకేమైనా తీసుకుంటున్నారా?" అని డాక్టరే అడగాలి.