పాత రైఫిల్ పేల్చాలా, దాచాలా? బాబాయ్‌కీ తమ్ముడికీ వాదన

పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ముగ్గురం షూటింగ్ రేంజ్‌లోనే ఉన్నాం. బాబాయ్ మూడు రైఫిళ్ళు తెచ్చాడు. లీ ఎన్‌ఫీల్డ్, మోసిన్ నగాంట్, ఎం1 గరాండ్, మూడూ మా ముగ్గురికంటే వయసులో పెద్దవే. తమ్ముడు కిరణ్ లోహాల గురించి చదువుకున్నవాడు, రోజంతా పక్కన నిలబడి చూశాడే కానీ ఒక్క రౌండు కూడా పేల్చలేదు. ఫైరింగ్ ఆగి, బోల్టులు (తూటాని లోపలికి తోసి మూసే గడియలు) తీసి బల్ల మీద పెట్టాక అసలు గొడవ మొదలైంది. నేను బాబాయ్ వైపే, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా.

కిరణ్: బాబాయ్, ఇవాళ ఆ ఎన్‌ఫీల్డ్‌తో 40 రౌండ్లు పేల్చావు. అంటే మామూలు గాలి పీడనానికి 3,000 రెట్ల పైన ఒత్తిడి తూటా కూర్చునే ఆ ఛాంబర్‌లో 40 సార్లు పుట్టింది. అది పాత ఉక్కు, లోపల ఏముందో పైకి కనబడదు, నూనె రాసి బీరువాలో పెట్టుకుంటే ఇంకో వందేళ్ళు ఉంటుంది కదా.

బాబాయ్: ఆ ఒత్తిడికి తట్టుకోవాలనే చేశారురా దాన్ని. మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా పేల్చి చూశాకే ముద్ర కొట్టారు. అయినా బీరువాలో ఉంటే నీకేం తెలుస్తుంది చెప్పు? జర్మన్ మాసర్ 98 రైఫిల్‌కి బోల్టు ఎత్తేటప్పుడు స్ప్రింగు బరువు చేతికి తగులుతుంది, ఎన్‌ఫీల్డ్‌కేమో మూసేటప్పుడు చివర్లో తగులుతుంది. అందుకే చెంప తీయకుండా, గురి వదలకుండా బోల్టు తిప్పొచ్చు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్ సైనికులకి ఒక పరీక్ష ఉండేది, 300 గజాల దూరంలో టార్గెట్, నిమిషంలో 15 రౌండ్లు గురిచూసి పేల్చాలి. చదివినప్పుడు 15 అంటే ఒట్టి అంకె. ఇవాళ చూశావుగా, నిమిషంలో నావల్ల అయినవి 11, అందులో కాగితానికి తగిలినవి 7, మ్యాగజైన్ మళ్ళీ నింపేసరికి వేళ్ళు వణికిపోయాయి. ఆ మనుషులు ఎంత సాధన చేశారో నాకు ఇవాళ అర్థమైంది.

కిరణ్: అనుభవం నీది, అరుగుదల దానిది. ముద్ర సంగతి అన్నావు కాబట్టి అడుగుతున్నా, అమెరికా 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ మాటేమిటి? కొలిమిలో ఉక్కు రంగు చూసి వేడి అంచనా వేసేవాళ్ళు, ఎండ బాగా ఉన్న రోజు అదే ఉక్కు కంటికి చల్లగా కనబడి ఇంకా కాల్చేసేవాళ్ళు, దాంతో బోల్టు కూర్చునే భాగాలు, అంటే రిసీవర్లు, కొన్ని గాజులా పెళుసైపోయాయి. 1918లో పద్ధతి మార్చారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో చేసినవాటిలో 8,00,000 కన్నా తక్కువ సీరియల్ నంబరువి పేల్చొద్దని ఇప్పటికీ హెచ్చరిస్తారు. అవీ ప్రూఫ్ పరీక్ష దాటినవే.

బాబాయ్: అందుకే అది నా దగ్గర లేదు. నంబరు చూసే వదిలేశాను. పాతదని తెలిస్తే చాలు పేల్చేస్తానని నేనెప్పుడన్నా? గరాండ్‌కి కూడా వేట కోసం అమ్మే బరువైన తూటాలు పెట్టను, బ్యారెల్ నుంచి గ్యాస్ బయటికి వచ్చే గ్యాస్ పోర్టు దగ్గర ఒత్తిడి ఎక్కువైతే, బోల్టుని వెనక్కి లాగే ఆపరేటింగ్ రాడ్ వంగిపోతుంది. దానికి తగ్గ తూటాలు పెడితే 8 రౌండ్లూ అయి క్లిప్ టింగుమని బయటికి ఎగిరేదాకా ఏ ఇబ్బందీ పెట్టదు.

పొద్దున్న మోసిన్‌తో ఏమైందో చూశావు కదా. తూటాలు పడిన గుంపు పిడికిలంతే ఉంది కానీ మొత్తం పక్కకి పడింది. కొసకి బయొనెట్ (బాకు) బిగించి పేలిస్తే మధ్యకి జరిగింది. ఆ మోసిన్ 91/30 మోడల్ సైట్లు బయొనెట్ ఉండగానే సరిచేసేవాళ్ళు మరి. గోడకి తగిలించి ఉంటే చూడ్డానికి బాగుండేది, ఈ సంగతి మాత్రం ఎప్పటికీ బయటపడేది కాదు.

(ఇక్కడ కిరణ్ జవాబు చెప్పలేదు. కింద వంగి ఎన్‌ఫీల్డ్ ఖాళీ కేసులు (పేలిన తూటాల ఇత్తడి తొడుగులు) ఒక్కొక్కటే ఏరి, వెలుతురులో తిప్పి చూసి, ఒకటి బాబాయ్ చేతిలో పెట్టాడు.)

కిరణ్: అడుగుకి కాస్త పైన చూడు.

(నేనూ చూశాను. మసి పట్టిన ఇత్తడి మీద వెంట్రుకంత సన్నటి గీత, చుట్టూరా మెరుస్తోంది. కిరణ్ పేపర్ క్లిప్ వంచి లోపలికి పెట్టి గోకితే సరిగ్గా అక్కడే కొక్కెం తట్టుకుంది.)

కిరణ్: లోపల గోడ పల్చబడింది. ఇంకొక్కసారి మందు నింపి పేల్చి ఉంటే అడుగు ఊడి వచ్చేది, వేడి గ్యాస్ నీ ముఖం వైపు తన్నేది.

బాబాయ్: ...నిజమే. ఈ కేసుల్ని ఇప్పటికే చాలాసార్లు మళ్ళీ నింపి వాడాను. ఎన్‌ఫీల్డ్ బోల్టుని పట్టి ఉంచే లగ్గులు వెనక ఉంటాయి, ఛాంబర్ వదులు, ప్రతిసారీ కేసు సాగుతుంది. మళ్ళీ నింపేముందు కేసుని మెడ వరకే నొక్కి సైజ్ చేయాల్సింది, నేను మొత్తం చేస్తూ వచ్చాను.

కిరణ్: బోల్టుకీ కేసుకీ మధ్య సందు కొలిచే హెడ్‌స్పేస్ గేజ్ పెట్టి ఎన్నాళ్ళైంది?

బాబాయ్: రెండేళ్ళు దాటింది. తప్పు నాదే, రైఫిల్‌ది కాదు. దానికి బోల్టు ముందుభాగాలు, అంటే బోల్ట్ హెడ్లు, 0 నుంచి 3 దాకా నాలుగు సైజులు చేసింది ఇలా సరిచేసుకోడానికే. గేజ్ పెట్టి కొలిచేదాకా దీన్ని ముట్టుకోను. కానీ కొలతకి వస్తే మాత్రం పేలుస్తాను.

కిరణ్: నేనైతే కొలతకి వచ్చినా పేల్చను. బ్యారెల్ లోపలి గాడులు ఒకసారి అరిగితే మళ్ళీ రావు.

(ఆ కేసు విషయంలో మాత్రం కిరణ్ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.)

బాబాయ్: సరే, అది తర్వాత తేల్చుకుందాం. మోసిన్‌లో వాడినవి పాత మిలిటరీ తూటాలు, నిప్పు రాజేసే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, కాలాక బ్యారెల్లో ఉప్పు మిగులుతుంది. అది నూనెకి పోదు, నీళ్ళకే కరుగుతుంది. ఆ ఫ్లాస్క్ తియ్యి.

కిరణ్: గరాటు ఎక్కడ?

బాబాయ్: సంచిలో ఉంది చూడు. నీళ్ళు చల్లారకముందే పొయ్యి, వేడిగా ఉంటే లోపల త్వరగా ఆరుతుంది. నూనె గుడ్డ నేను పడతాను.