ఆఖరి ఇన్నింగ్స్ వారికి శాలువా ఏదీ?

మొన్న ఇక్కడ టెక్సస్‌లో జరిగిన మన తెలుగువారి ఉగాది సభలో సన్మానాలు గంటకు పైగా సాగాయి. వేదిక మీద స్పాన్సర్ల పేర్లు రెండోసారి చదువుతుండగా, వెనుక వంటగదిలో ఒక అక్కయ్య పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని పులిహోర ట్రేల అడుగున అంటిన మెతుకులు గీకుతున్నారు. పదకొండుకల్లా శుభ్రం చేసి అప్పగించకపోతే హాలు డిపాజిట్టు తిరిగిరాదు కనుక, ఇద్దరు కాలేజీ పిల్లలు కుర్చీలు మడిచి గోడకు చేరవేస్తున్నారు. వందన సమర్పణలో డీజే పేరు కూడా వినిపించింది గాని వీరి పేర్లు వినిపించలేదు. అడిగితే, టైము చాలలేదన్నారు.

నాకు వెంటనే ఫ్రెడ్ మార్‌బెరీ గుర్తొచ్చాడు. డాలస్ నుంచి హ్యూస్టన్ వెళుతూ మనం పట్టించుకోకుండా దాటిపోయే స్ట్రీట్‌మన్‌లో 1898లో పుట్టిన బేస్‌బాల్ పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు, అతడు. 1923లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టులో చేరేనాటికి, ఆట మొదలుపెట్టిన పిచ్చరే ముగించడం గౌరవం. మధ్యలో దిగేవాడంటే మొదటి వరుసకు చాలనివాడనే చిన్నచూపు. మేనేజర్ బకీ హారిస్ మాత్రం, క్రికెట్ కెప్టెన్ మంచి బౌలర్‌ను డెత్ ఓవర్లకు దాచుకున్నట్టు, మార్‌బెరీని ఆఖరి ఇన్నింగ్స్‌కు దాచుకున్నాడు. ఫ్లడ్‌లైట్లు లేని ఆ రోజుల్లో, పొద్దు వాలే వేళ అతని వేగాన్ని ఎదుర్కోవడం తేలిక కాదు. 1924 వరల్డ్ సిరీస్‌లో, అంటే ఏటా ఛాంపియన్‌ను తేల్చే ఆఖరి పోటీల్లో, రెండు విజయాలు చేజారకుండా నిలబెట్టాడు. ఏడో ఆటలోనూ మధ్యలో దిగి బంతి వేశాడు గాని, తరువాత వచ్చి గెలిపించిన వాల్టర్ జాన్సన్‌నే లోకం గుర్తుంచుకుంది. 1926లో 64 ఆటల్లో ఆడాడు. ఇప్పటి పద్ధతిలో లెక్కిస్తే అందులో 22 సేవ్‌లు, అంటే చివర్లో దిగి తమ జట్టు ఆధిక్యం చేజారకుండా ఆట ముగించినవి. ఆ సేవ్ అన్నది 1969లో గాని అధికారిక లెక్క కాలేదు. అప్పటికి మార్‌బెరీకి డెబ్బై ఏళ్లు. అంతకు ఇరవై ఏళ్ల ముందే కారు ప్రమాదంలో ఎడమ చేయి పోయింది. 1976లో టెక్సస్‌లోనే కన్నుమూశాడు.

మన వంటగది అక్కయ్యా, కుర్చీలు మడిచిన పిల్లలూ ఆ ఆఖరి ఇన్నింగ్స్ వారే. స్పాన్సర్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వారి చెక్కు లేనిదే హాలు తలుపు తెరుచుకోదు. మన ఊళ్లలో పెళ్లి వంటవారికి బట్టలు పెట్టి పంపేవారని గొప్పగా చెప్పుకుంటాం గాని, విస్తళ్లు ఎత్తినవారి పేరు అక్కడా ఎవరూ అడగలేదు. ఆ అలవాటునైనా ఇక్కడికి మోసుకురాకుండా ఉండవలసింది. కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే: దీపావళి సభలో వందన సమర్పణను భోజనాల ముందుకు జరిపి, హాలు మూసేదాకా ఉండే వారిని ముందే పేరుపేరునా వేదిక మీదకు పిలవండి, వారి పేర్లు ఈ పత్రికలో స్పాన్సర్ల పేజీలోనే అచ్చు వేయండి. శాలువాలకు డబ్బు చాలకపోతే నా వంతు నేనిస్తాను.