టమాటా బాక్సు ఎత్తే చేతికి కెమెరా బరువట!

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో తిరుచానూరులో ఒక పెళ్లి. గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే స్టాండు) పట్టుకుని పెళ్లికూతురి గదిలోంచి వస్తున్న అమ్మాయిని ఓ పెద్దాయన ఆపి, "కెమెరా అబ్బాయి యాడమ్మా? గ్రూప్ ఫొటో తియ్యాల" అన్నాడు. "నేనే తాతా, నిలబడండి" అంది ఆ పిల్ల. అయినా ఆయన ఆమె వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తొంగి చూశాడు.

టైటిల్స్‌లో శుభ్రంగా 'ఛాయాగ్రహణం' అని వేసుకుంటాం, నోటికొచ్చేది మాత్రం కెమెరామ్యానే. పక్కనే మద్రాసులో బి.ఆర్. విజయలక్ష్మి 1985లోనే 'చిన్న వీడు' అనే తమిళ సినిమాకు కెమెరా చేశారు, నలభై ఏళ్లయింది. ఆస్కార్ వాళ్లూ మనకేం తీసిపోలేదు. 1929 నుంచి అవార్డులిస్తూ, ఛాయాగ్రహణానికి ఒక మహిళను (రేచల్ మోరిసన్) తొలిసారి నామినేట్ చేసింది 2018లో.

కెమెరా బరువు, ఆడవాళ్లు మోయలేరు అంటారు. పలమనేరు మార్కెట్లో టమాటా బాక్సులు ఎత్తే ఆడవాళ్లను చూశాక కూడా ఆ మాట ఎలా వస్తుందో! పెద్ద సినిమాలకు వాడే అలెక్సా మినీ కెమెరా బాడీ (లెన్సు లేకుండా) 2.3 కిలోలు, పెళ్లిళ్లకు వాడే మిర్రర్‌లెస్ కెమెరా బాడీ చాలావరకు కిలో లోపే.

రాత్రి షూటింగులు, ఏదన్నా జరిగితే ఎవరు బాధ్యులు అనేవాళ్ల భయం అబద్ధం కాదు, ఒప్పుకుంటా. మరి తిరుపతి రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో నర్సులు నైట్ డ్యూటీ చేస్తున్నారు కదా, వాళ్లనెవరూ ఇంటికి పొమ్మనరే?

అసలు అడ్డం వేరే ఉంది. ఈ పని చాలామందికి కాలేజీలో కంటే షూటింగ్ టీము తిరిగే వ్యాన్‌లో వస్తుంది. ఇంటర్ తప్పిన కుర్రాడు స్టూడియోలో చేరి లైటు పట్టుకుంటాడు, బ్యాటరీలు ఛార్జింగ్ పెడతాడు, టీములో అందరితో ఒకే గదిలో పడుకుంటాడు, మూడేళ్లకు ఎవరో ఒకరు కెమెరా చేతికిస్తారు. అమ్మాయిని ఎవరూ వద్దనరు, వ్యాన్ ఎక్కించుకోరంతే. తర్వాత "ఆడవాళ్లు ఎవరూ రావట్లేదండీ" అని మనమే నిట్టూరుస్తాం.

ఆ వ్యాన్ సంగతి తేలాలంటే, నన్నడిగితే, ముందు మన ఊళ్ల రాత్రులు బాగుపడాలి. పెళ్లిపని చేసే ఆడవాళ్లకు తలుపు పడే బాత్రూం ఎన్ని మండపాల్లో ఉంది? తెల్లవారుజామున పని ముగిస్తే పల్లెకు బస్సేది? వంటమనిషికీ, మేకప్ అమ్మాయికీ, పూలు కట్టే ఆమెకీ ఇదే బాధ.

తిరుచానూరులో ఆ రోజు ముహూర్తం తెల్లవారుజామున మూడు గంటలకు. మండపం బయట టీవీఎస్ బండి మీద ఆ అమ్మాయి నాన్న కునికిపాట్లు పడుతూ కూర్చున్నాడు. టీములో ఇంకో నలుగురు కుర్రాళ్లున్నారు, వాళ్ల నాన్నలెవరూ రాలేదు.