గీత చెప్పాక తిరుగేముంది

ముప్పై ఏళ్లుగా స్టాంపులు పోగేస్తున్నాను. ఆ హాబీ పోయిందని మొన్న రాత్రి పదకొండింటికి తెలిసింది.

నిద్ర పట్టక, గూగుల్‌లో జనం ఏ మాట ఎంతగా వెతుకుతున్నారో గీత గీసి చూపించే గూగుల్ ట్రెండ్స్ తెరిచాను. ఇంగ్లిష్‌లో 'స్టాంప్ కలెక్టింగ్' అని కొట్టి, ప్రపంచం మొత్తం, 2004 నుంచి ఇప్పటిదాకా అని పెట్టాను. నీలం గీత ఒకటి వచ్చింది. ఎడమ చివర మేడ మీద కూర్చుని ఉంది. కుడి చివరికి వచ్చేసరికి నేలమాళిగ తలుపు తడుతోంది. చివరి అంకె ఎంతో చెప్పను, ముప్పై ఏళ్ల పరువు. దానికి అరగంట ముందే నేను పట్టకారుతో ఒక స్టాంపు పట్టుకుని, భూతద్దంలో దాని అంచు చిల్లులు లెక్కపెట్టుకుంటూ హాయిగా ఉన్నాను. ఆ హాయికి డేటా మద్దతు లేదని అప్పటికి తెలియదు.

ఏ హాబీ బతికుందో, ఏది పోయిందో తేల్చే అధికారం ఇకమీదట ఈ గీతకే ఇచ్చేయాలని నా ప్రతిపాదన. సంఘాల్లో సభ్యులెంతమందో లెక్కపెట్టడం, సరంజామా ఎంత అమ్ముడవుతోందో చూడటం, నెలకి ఎన్నిసార్లు ఊలు అల్లుతారు, ఎన్నిసార్లు గాలం వేస్తారు అని ఇల్లిల్లూ తిరిగి అడగడం, ఇవన్నీ పాతకాలపు పనులు. డబ్బు కావాలి, ఓపిక కావాలి. అన్నిటికన్నా కష్టం, మనుషులతో మాట్లాడాలి. గీతకైతే ఒక్క మాట చాలు.

ఆ గీత సున్నాకీ వందకీ మధ్య నడుస్తుంది. వంద అంటే ఏమిటన్నది మాత్రం మొదట బోధపడలేదు. వందమందా? వంద లక్షలా? చదివితే తేలిందేమిటంటే, ఏదీ కాదు. మనం ఎంచుకున్న చోట, ఎంచుకున్న కాలంలో, జరిగిన మొత్తం సెర్చ్‌లలో ఈ మాట వాటా ఎప్పుడు అందరికన్నా ఎక్కువగా... కాదు, తనకన్నా తాను ఎక్కువగా ఉందో, దానికి వంద వేస్తారు. మిగతావన్నీ దాన్నిబట్టి. ప్రతి పిల్లాడికీ వాడి సొంత పెద్ద మార్కునే నూటికి నూరుగా కట్టే బడి అనుకోండి. ఫుట్‌బాల్‌ని విడిగా చూస్తే దానికో వంద. అగ్గిపెట్టెల లేబుళ్ల సేకరణని విడిగా చూస్తే దానికీ ఓ వంద. ఇంతకన్నా సమానత్వం ఎక్కడుంది? సున్నా వచ్చినా ఎవరూ వెతకలేదని కాదట, చూపించేంతమంది వెతకలేదని. పైగా ఈ లెక్క కట్టేది సెర్చ్‌లన్నిటి మీదా కాదు, వాటిలోంచి తీసిన శాంపిల్ మీద. అందుకని మాలాంటి చిన్న హాబీలకి ఇవాళ్టి అంకె రేపు కాస్త అటూఇటూ అవుతుంది. దీన్ని లోపం అనకూడదు. మూడు కాస్తా నాలుగైతే ముప్పైమూడు శాతం వృద్ధి. ఏ ఆర్థిక మంత్రికైనా కళ్లు కుట్టాలి.

మా హాబీలో పెర్ఫొరేషన్ గేజ్ అని చిన్న పలక ఒకటుంటుంది. స్టాంపు అంచున రెండు సెంటీమీటర్లకి ఎన్ని చిల్లులో దాంతో కొలుస్తాం. పద్నాలుగా, పద్నాలుగున్నరా అనే తగాదాలో పాత స్నేహాలు చెడిపోవడం నేను కళ్లారా చూశాను. అలాంటి కొలతల మనిషిని, ఏ కొలమానమూ లేని అంకె చూసి మంచం పట్టానంటే దాని మహిమ మీరే ఊహించుకోండి.

ఈ సంగతి స్టాంపుల మిత్రుడొకాయనకి చెప్పుకుంటే కొట్టిపారేశాడు. "2004లో ఇంటర్నెట్‌లో ఉన్నది ఎవరు? చదువుకునేవాళ్లు, కంప్యూటర్ల వాళ్లు, మనలాంటి పిచ్చివాళ్లు. తర్వాత లోకమంతా వచ్చి వానలూ, వంటలూ, తారల పెళ్లిళ్లూ వెతకడం మొదలెట్టింది. మన వాటా తగ్గిందయ్యా, మనం తగ్గలేదు. గ్లాసు పాలు బిందెడు నీళ్లలో పోస్తే పాలు తగ్గాయంటావా?"

"పలచబడ్డాయా లేదా?" అన్నాను.

"అయితే మ్యాథమెటిక్స్ అని కొట్టి చూడు."

కొట్టాను. అదీ 2004 నుంచి దిగుతూనే ఉంది. అంతటితో ఆగలేదు, బడి సెలవులొచ్చినప్పుడల్లా గోతిలో పడుతోంది. దీంతో నా వాదం వీగిపోయిందని ఆయన అనుకున్నాడు. నాకు మాత్రం కొత్త సత్యం దొరికింది: మానవజాతి లెక్కలు మానేస్తోంది, మిగిలిన కాసినీ సెలవుల్లో పనిచేయవు.

సరే, రెండు మాటలు కొట్టడం వల్లే నష్టం జరుగుతోందేమోనని ఒట్టి 'స్టాంప్' అని కొట్టాను. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఇంతమంది మావాళ్లున్నారా అని పొంగిపోతుండగా ఆ మాట ఎవరెవరిదో గుర్తొచ్చింది. రబ్బరు స్టాంపు కావలసిన గుమాస్తా, ఆస్తి రాయించుకుంటూ స్టాంప్ డ్యూటీ ఎంతో చూసుకునే ఆసామి, తపాలా ఛార్జీ పెరిగిందేమోనని కంగారుపడే మనిషి, అందరూ మావాళ్లే. అమెరికాలో పేదలకిచ్చే ఆహార సాయాన్ని ఫుడ్ స్టాంప్స్ అంటారు. ప్రభుత్వం 2008లో పేరు మార్చినా జనం నోట్లో పాత పేరే. అంటే అక్కడ పనులు పోయి, పొయ్యిలు ఆరిన కొద్దీ స్టాంపుల మీద ఆసక్తి ఉప్పొంగుతుంది. మా హాబీకి ఇంత సామాజిక స్పృహ ఉందని నేను ఎరగను.

మిగతా హాబీల వాళ్లు మాకన్నా అదృష్టవంతులు. బ్రిడ్జ్ పేకాటని చూడండి. ఎక్కడ ఏ వంతెన కూలినా ఆ వారం పేకాటకి మహర్దశ. 'గో' అనే పాత చైనా ఆటకైతే తిరుగే లేదు, ఇంగ్లిష్‌లో ఎవడు ఎక్కడికి వెళ్లాలనుకున్నా ఆ ఆటకి ఓటు పడినట్టే. ఇలాంటి గందరగోళం లేకుండా ట్రెండ్స్‌లో మాటకి బదులు 'అంశం' ఎంచుకునే ఏర్పాటు ఉంది. ఎంచుకున్నాను. గీత మళ్లీ కిందికి జారింది. కాబట్టి ఆ ఏర్పాటు వాడకపోవడమే శాస్త్రీయం.

మాకూ మంచిరోజులు వస్తుంటాయి. 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు స్టాంపు, ముదురు గులాబీ రంగుది, లోకంలో తెలిసినంతవరకు ఒక్కటే ఉంది. 2014 వేలంలో దాదాపు 95 లక్షల డాలర్లకి పోయింది. ఆ వార్త విని 'ఏం స్టాంపు అది' అని వెతికిన ప్రతి మనిషీ గీత దృష్టిలో స్టాంపుల ప్రియుడే. ఉన్నది ఒక్క స్టాంపు, కొన్నది ఒక్క మనిషి. ఉద్యమం అంటే అదీ. చదరంగానికి ఇలాంటి యోగమే 2020 చివర్లో పట్టింది. ఒక టీవీ సిరీస్ వచ్చింది, జనం ఎగబడి చెస్ ఎలా ఆడాలని వెతికారు. వాళ్లలో గుర్రాన్ని ఎలా నడపాలో ఇప్పటికీ గుర్తున్నవాళ్లెందరో గీత అడగదు. మర్యాద తెలిసిన గీత.

కొందరు గిట్టనివాళ్లు గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ కథ తవ్వి తీస్తారు. జనం వెతికే మాటలనిబట్టి జలుబు జ్వరాలు ఎక్కడెంత ఉన్నాయో చెబుతామని 2008లో మొదలెట్టారు. 2012-13 చలికాలంలో అది అసలు లెక్కకి దాదాపు రెట్టింపు చెప్పింది. 2015లో మూసేశారు. అందులో నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. ఫ్లూతో పాటు చక్కగా పెరిగి తగ్గే మాటలు ఏరుతుంటే, హైస్కూల్ బాస్కెట్‌బాల్ తాలూకు సెర్చ్‌లు వచ్చి కూర్చున్నాయట. రెండూ చలికాలంలోనే కదా వచ్చేవి. వాటిని చేత్తో ఏరి పారేయాల్సి వచ్చింది. నన్నడిగితే ఏరి తప్పు చేశారు. బంతి పట్టుకున్న ప్రతివాడికీ ఒక మాత్ర ఇచ్చి ఉంటే సరిపోయేది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, పని వచ్చినవాడు వెతకడు. నేను చెప్పిన మిత్రుడికి నలభై ఏళ్ల అనుభవం. వాటర్‌మార్క్, అంటే స్టాంపు కాగితంలో దాగిన గుర్తు, వేలితో తడిమి చెబుతాడు (చెప్పలేడు, కానీ చెబుతాననుకుంటాడు). స్టాంప్ కలెక్టింగ్ అని జన్మలో టైపు చేయలేదు. ఏం అవసరం? అన్నం తినేవాడు అన్నం తినడం ఎలా అని వెతుకుతాడా? డేటా ప్రకారం ఆయన లేడు. ఈ మాట నెమ్మదిగా, నొప్పించకుండా చెప్పాను. "లేకపోతే పోయాను గానీ, నా దగ్గర తీసుకెళ్లిన డూప్లికేట్లు ఎప్పుడిస్తావు?" అన్నాడు. లేని మనిషికి బాకీ తీర్చాలా వద్దా అన్నది ఇంకా ఆలోచిస్తున్నాను.

ఊరికే కూర్చుంటే లాభం లేదని హాబీని నేనే బతికించాలనుకున్నాను. ఒక రాత్రంతా కూర్చుని ఆ రెండు మాటల్నే నలభైసార్లు సెర్చ్ చేశాను. తర్వాత తెలిసింది, ఒకే మనిషి కొద్దిసేపట్లో మళ్లీ మళ్లీ వెతికితే ఆ రిపీట్లు లెక్కలోంచి తీసేస్తారట. వేళ్లు నొప్పి పుట్టడమే మిగిలింది. దాంతో మనిషికో ఓటు పద్ధతిలో ఇంటిల్లిపాదినీ దించాను. మా ఆవిడ ఒకసారి కొట్టింది, బెండకాయలు తరుగుతూ. అమ్మాయి ఒకసారి కొట్టింది. మావాడు మాత్రం "నేను ఎప్పుడో వెతికాను నాన్నా" అన్నాడు.

కళ్లు చెమర్చాయి. చెప్పకుండా చేసిన సేవ! ఏం వెతికాడో చూద్దామని ఇంట్లో అందరం వాడే కంప్యూటర్ హిస్టరీ తెరిచాను. ఒకసారి కాదు, వేరువేరు రోజుల్లో నాలుగుసార్లు వెతికాడు. పాత స్టాంపుల ఆల్బమ్ విలువ ఎంత. స్టాంపుల కలెక్షన్ ఎక్కడ అమ్మాలి. మొత్తం ఒకేసారి కొనేవాళ్లు ఉంటారా. చివరిది, స్టాంపులు తూకానికి తీసుకుంటారా.

కొత్త తరంలో ఆసక్తి పెరుగుతోందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ రాత్రే ఆల్బమ్‌లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి కోసం ఇప్పుడు ఇంట్లో వెతుకులాట జరుగుతోంది, అది గీతలోకి రాదు.