లారీ వెనక లైటు ఆరినా రేడియో పలకాలి

వాహనాలు ఒకదానితో ఒకటి, రోడ్డు పక్కన స్తంభాలతోనూ మాట్లాడుకునే రేడియో అనగానే అందరి ఊహా ఖరీదైన కార్ల మీదికే పోతోంది. నెల్లూరు, ఒంగోలు మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై అది ముందుగా ఉండాల్సింది లారీల్లో. అందులోనూ కృష్ణపట్నం పోర్టుకు తిరిగే లారీల్లో.

లెక్క చూడండి. కావలి దాటాక అర్ధరాత్రి టైరు పగిలి ఓ లారీ రోడ్డు మీదే ఆగింది. వెనక లైట్లు లేవు. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లోడు లారీ సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు గమనించి బ్రేకు తొక్కేలోపు 33 మీటర్లు, బండి నిలిచేలోపు ఇంకో 60 మీటర్లు. డిమ్ లైటు వెలుగు అంత దూరం పడదు. ఎంత నిదానస్తుడైనా గుద్దేస్తాడు. ఆగిన లారీ 'ఇక్కడున్నాను, కదలడం లేదు' అని సెకనుకు 10 సార్లు చెబుతుంటే, 300 మీటర్ల ముందే వెనక కేబిన్‌లో హెచ్చరిక మోగుతుంది. అంటే 13 సెకన్ల వ్యవధి.

దీనికి సెల్‌ఫోన్ యాప్ చాలదా అంటున్నారు. చాలదు. ఫోను మాట టవరుకు, అక్కడి నుంచి సర్వరుకు పోయి తిరిగి రావాలి. సిగ్నల్ లేనిచోట అదీ లేదు. ఈ వాహన రేడియో 5.9 గిగాహెర్ట్జ్ తరంగాలపై బండి నుంచి బండికి నేరుగా పలుకుతుంది. ఫాస్టాగ్ కూడా పనికిరాదు: దానికి బ్యాటరీయే లేదు, టోల్‌గేటు రీడరు అడిగితేనే బదులిస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. పది బండ్లలో ఒకదానికే రేడియో ఉంటే, ఎదురుపడిన రెండింటికీ ఉండే అవకాశం నూటికి ఒక్కటే. అమెరికా 1999లోనే ఇందుకు 75 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీని పక్కన పెట్టింది. వాడేవాళ్లు లేక 2020లో 45 మెగాహెర్ట్జ్‌ను వైఫైకి మళ్లించింది. ఈ రేడియోలను అక్కడొకటి ఇక్కడొకటిగా పంచితే మనకూ అదే గతి. ఒకే దారిలో, ఒకే గేటు గుండా రోజూ తిరిగే బండ్లన్నిటికీ ఒకేసారి బిగించాలి. పోర్టు గేటు అందుకు సరైన చోటు: పరికరం పలకని లారీకి లోడింగ్ ఇవ్వకూడదు.

బిగింపులోనే పని చెడుతుంది. బండి చెడితే డ్రైవరు బ్యాటరీ కటాఫ్ (బండి కరెంటు మొత్తం తెంచే స్విచ్చి) తిప్పేస్తాడు. సరిగ్గా కావాల్సిన వేళకే రేడియో మూగబోతుంది. కాబట్టి పరికరానికి సొంత బ్యాటరీ తప్పనిసరి. కేబిన్ పైన ఒక్క యాంటెన్నా పెడితే వెనకున్న కంటైనర్ ఇనుము అలలను అడ్డుకుంటుంది. రెండు పక్క అద్దాల కమ్మీల మీదా చెరొకటి ఉండాలి. 5 మీటర్ల సన్నకేబుల్ లాగితే సగానికి పైగా సిగ్నల్ అందులోనే హరించుకుపోతుంది. రేడియో యాంటెన్నా పక్కనే ఉండాలి, కిందికి దిగాల్సింది కరెంటు, డేటా వైరే.

రోడ్డు పక్క స్తంభాలకూ ఇదే సూత్రం: కావాల్సిన వేళకు పలకాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర ఈ రహదారి కోతకు గురై రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రాత్రి ఒంగోలు దగ్గరి స్తంభమే ఆ మాట చెబితే, లారీలు రోడ్డు పక్కన బండ్లు ఆపే లే-బైలోనో దాబా దగ్గరో ఆగిపోతాయి. కానీ ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబారతాయి, సోలార్ బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసిస్తుంది. మన టెండర్లలో స్తంభం పాతడానికి బిల్లు ఉంటుంది, అది పలుకుతోందా అని చూసేవాడికి జీతం ఉండదు. హైవే మీద వెలగని బ్లింకర్లన్నీ ఆ పద్ధతి ఫలితమే. వీధిదీపాలు, సీసీ కెమెరాలు, మంచినీటి మోటార్లు, ఏది తీసుకున్నా ప్రారంభోత్సవానికి నిధులుంటాయి, ఫ్యూజు మార్చడానికి ఉండవు. ఈ టెండరైనా మార్చి రాయాలి: గుత్తేదారుకు సొమ్ము స్తంభాల లెక్కన వద్దు, ప్రతి నెలా ఆ స్తంభం ఎన్ని గంటలు పలికిందో చూసి ఇవ్వాలి. ఆ లెక్క తీయడానికి దారిన పోయే లారీల్లోని రేడియోలే చాలు.