మండువాలో ఆనకట్ట

కోనసీమలోని మా తాతల నాటి మండువా లోగిలిని బాగుచేయించడానికి మా బాబాయి పూనుకున్నప్పటి నుంచి, ఆ ఇంటి చరిత్ర వినకుండా గడప దాటి బయటపడిన మనిషి లేడు. ఆయన చెప్పే చరిత్ర ఎప్పుడూ ధవళేశ్వరం దగ్గరే మొదలవుతుంది. 1847లో కాటన్ దొర ఆనకట్ట పని ప్రారంభించడం, 1852లో పూర్తిచేయడం, కాలువలు పారి డెల్టా రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడటం, ఆ డబ్బులే టేకు స్తంభాలుగా, గానుగ సున్నపు గోడలుగా ఊళ్లలో నిలబడటం వరుసగా చెప్పి ఆయన మా గుమ్మం దాకా వచ్చేసరికి వినేవారి కాఫీ చల్లారిపోతుంది.

ఇల్లు మాత్రం నిజంగా మెచ్చదగినదే. మూరెడు మందం గోడలు, వాటికి బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపి నూరిన సున్నం, పైన గూనపెంకులు, నాలుగు వైపులా గదులు, గదుల ముందు స్తంభాల పంచ, నట్టనడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన మండువా. నాలుగు కప్పులూ లోపలికే వాలి ఉంటాయి కనుక వాన నీరు మండువాలోనే పడి, ఒక మూలనున్న తూములోంచి గదుల కిందుగా ప్రవహించి, పెరట్లోని అరటి పాదులకు చేరుతుంది. ఇంత ఏర్పాటుకూ ప్రాణం ఆ తూమే అయినా, చూసేవారికి అది వట్టి కన్నం.

మేస్త్రి పట్నంలో అపార్ట్‌మెంట్లు కట్టి చేయి తిరిగినవాడు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటకు పోయే దారిలేక పెచ్చులూడుతాయని బాబాయి పదే పదే నచ్చజెప్పి, గోడలను ఎలాగో కాపాడుకున్నాడు. పూయడానికి చోటులేక మిగిలిపోయిన సిమెంటు బస్తా మేస్త్రిని కలవరపెట్టింది కాబోలు, ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఆ కన్నాన్ని నిండా పూడ్చి, పైన నున్నగా మెరుగుపెట్టి వెళ్లిపోయాడు.

ఆషాఢపు తొలి జోరువాన కురిసిన రోజున బాబాయి చుట్టాలను పంచలో కూర్చోబెట్టి యథావిధిగా కాటన్ దొరను రంగంలోకి దించాడు. ఆనకట్ట పునాదులు పడేసరికి మండువా అడుగు మునిగింది. పూర్తయ్యేసరికి నీరు పంచ అంచును తాకింది. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడినా వెయ్యి లీటర్ల నీరవుతుందని ఇంజనీరు అయిన మా అన్నయ్య లెక్కకట్టి చెప్పాడు గాని, చెంబు పట్టుకుని తోడటానికి మాత్రం లేవలేదు. చుట్టాలు చెప్పులు ఏరుకుంటూ ఉండగా నాయనమ్మ కేకవేసింది.

“ఒరే అబ్బాయ్, ఆ దొర సంగతి తర్వాత చెబుదువుగాని, ముందు తూమేమైందో చూడరా!”

కబురు అందుకుని గొడుగుతో వచ్చిన మేస్త్రి ఏమాత్రం తొణకలేదు. “ఎలకలు దూరుతున్నాయని మూసేశానండి. ఆయ్, చాలా గట్టిగా చేశానండి. చుక్క బయటికి పోతే నన్నడగండి!” అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కాటన్ దొర కూడా తన ఆనకట్టకు తూములు పెట్టించాడని బాబాయి జీవితంలో మొదటిసారి ఒకే వాక్యంలో చరిత్ర ముగించి, గునపం అందించాడు.

మోకాలి లోతు నీటిలో తడుముకుంటూ పొడవగా పొడవగా చీకటిపడ్డాక బిరడా విడిపోయి, మండువా నీరు గుడగుడమంటూ పెరటి దారి పట్టింది. కొత్తగా వేసిన స్నానాలగది గచ్చు అప్పటికే రెండుచోట్ల పగిలి ఉంది. మేస్త్రి చేసిన పనులన్నిటిలో గునపానికి ఎదురు నిలిచింది ఆ బిరడా ఒక్కటే. నెలాఖరున వచ్చిన పద్దులో “కన్నం పూడ్చినందుకు” అని ఒక కూలి, దాని కిందనే “కొత్త తూము ఏర్పాటు” అని మరొక కూలి రాసి ఉన్నాయి. రెండోదానికి రేటు ఎక్కువ.