సవరణ: రెప్ప వాపులో జ్వరం లేదని ధీమా వద్దు

"కంటి రెప్ప వాచినా జ్వరం లేకపోతే అది పైపై ఇన్ఫెక్షనే" అన్న వాక్యాన్ని మునుపటి పోస్టులోంచి తీసేశాం. ఇన్ఫెక్షన్ రెప్పకే పరిమితమా, కన్ను ఇమిడి ఉండే ఎముక గూటిలోకి (కంటిగూడు) పాకిందా అన్న తేడా జ్వరాన్ని బట్టి తేలదు. రెప్ప ఇన్ఫెక్షన్‌లోనూ జ్వరం రావచ్చు, కంటిగూటి ఇన్ఫెక్షన్‌లో రాకపోవచ్చు.

చూడాల్సింది కనుగుడ్డును. వాచిన రెప్పను మెల్లగా ఎత్తి, తల కదపకుండా పెన్ను కొసను నాలుగు వైపులా చూపుతో అనుసరించమనండి. తిప్పితే నొప్పి, గుడ్డు సరిగా తిరగకపోవడం, ఒకటి రెండుగా కనబడటం, గుడ్డు ముందుకు రావడం, చూపు మసకబారడం: వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కో కన్ను మూసి ఎర్రటి సీసా మూత చూపించండి. వాచిన కంటికి ఆ ఎరుపు వెలిసినట్టుంటే కంటి నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి.

పిల్లల్లో కంటిగూటి ఇన్ఫెక్షన్ ఎక్కువగా సైనస్ (ముక్కు పక్కనుండే గాలి గదులు) నుంచే పాకుతుంది. ఆ గదులకూ కంటిగూటికీ మధ్య ఎముక కాగితమంత పలచన మరి. చుక్కల మందు అంత లోపలికి పనిచేయదు. సీటీ స్కాన్, రక్తనాళంలోకి ఇచ్చే యాంటీబయాటిక్ కావాలి.

రెప్ప ఎత్తి చూడలేనంత వాచినా, ఏడాదిలోపు పసిపిల్లలైనా ఇంట్లో ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు బుగ్గ మొద్దుబారినా, ముక్కులో నల్లటి పెచ్చు కనిపించినా అది 2021లో చూసిన బ్లాక్ ఫంగస్ కావచ్చు. గంటలు కూడా లెక్కే. డాక్టరు రెప్ప ఇన్ఫెక్షనేనని మాత్రలిచ్చినా 24–48 గంటల్లో తగ్గుముఖం పట్టకపోతే మళ్లీ చూపించండి.